ఓడలో కుదురైన చోటు ఎవరికి దక్కింది?

సముద్రం మీద సాగే ప్రతి ఓడలోనూ మిగిలిన చోట్ల కంటే తక్కువగా కదిలే చోటు ఒకటి ఉంటుంది. పొడవున చూస్తే అది ఓడ నడుమ. ఎత్తున చూస్తే నీటిమట్టానికి దగ్గర. తుఫానులోనైనా, తేట వాతావరణంలోనైనా ఈ లెక్క మారదు. మారినదల్లా ఆ చోటును ఎవరికి కేటాయించారన్నదే. కొన్ని శతాబ్దాలపాటు అది సరుకు మూటలకు దక్కింది. కొంతకాలం కుటుంబాలకు దక్కింది. తరువాత ధనికులకు దక్కింది. నేడు చాలా ఓడల్లో అది చవక గదులలో చేరి, అడిగేవారి కోసం ఎదురు చూస్తోంది. ప్రయాణికుని శరీరానికి ఏది మేలు అన్న ప్రశ్న ఈ కేటాయింపుల్లో చాలా ఆలస్యంగా తలెత్తింది. ఆ చరిత్రను తెలుసుకొంటే, వయసు మళ్ళిన తల్లిదండ్రులను సముద్ర విహారానికి తీసుకొనివెళ్ళే వారు గది ఎంచుకొనేటప్పుడు ధరల పట్టికకు లోబడిపోకుండా ఉండగలరు.

మెట్ట నేలకు దగ్గరి సముద్రం

చిలకలూరిపేట పత్తికీ మిరపకూ పేరుపడిన ఊరు. ఇక్కడి నుంచి సముద్రం కనిపించదు, వినిపించదు. అయినా పటం మీద నేరుగా గీత గీస్తే మోటుపల్లి రేవు యాభై కిలోమీటర్లు కూడా ఉండదు. శాతవాహనుల కాలంలో రెండు తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మతో సీసపు నాణేలు వెలువడ్డాయి. వాటిలో యజ్ఞశ్రీ శాతకర్ణి పేర వచ్చినవి ప్రసిద్ధం. నాణెం మీద ఓడ బొమ్మ వేసుకొన్న రాజ్యానికి సముద్రం ఎంత ముఖ్యమో వేరే చెప్పనవసరం లేదు.

1244-45 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. గాలివానకు చిక్కి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో ప్రకటించాడు. ధనాన్ని ప్రాణం కంటే ఎక్కువగా ఎంచి సముద్రం మీదికి తెగించి వచ్చిన వర్తకుల మీద దయతో ఈ అభయం ఇస్తున్నానని దాని సారాంశం. ఆ శతాబ్ది చివరలో ఈ సీమను వర్ణించిన మార్కో పోలో ఇక్కడి సన్నని నూలు వస్త్రాలను సాలెగూటితో పోల్చి మెచ్చుకొన్నాడు. పత్తి పండే నేలకూ ఓడ బయలుదేరే రేవుకూ ఉన్న లంకె అంత పాతది.

అయితే శాసనాలూ నాణేలూ సరుకు గురించి చెబుతాయి. సుంకం గురించి చెబుతాయి. ఓడలో కూర్చున్న మనిషి కడుపులో ఏమి జరిగిందో చెప్పవు. అది తెలియాలంటే ముందు ఓడ ఎలా కదులుతుందో చూడాలి.

తక్కెడ చెప్పే పాఠం

మిరపకాయలు తూచే తక్కెడను తలచుకోండి. దండె నడుమ పట్టుకొన్న చోట కదలిక దాదాపు ఉండదు. రెండు కొనలకు వ్రేలాడే తట్టలు మాత్రం జానెడు లేస్తాయి, జానెడు దిగుతాయి. ఓడ కూడా అలాంటి దండెయే. ఓడ ముందు కొనను మన పడవవారు అణియం అంటారు. వెనుక కొనను అమరం అంటారు. అల ఎదురైనప్పుడు అణియం లేస్తుంది, అమరం దిగుతుంది. మరుక్షణం అణియం దిగి అమరం లేస్తుంది. నడుమ భాగం ఇరుసు వలె నిలిచి ఉంటుంది.

చిన్న లెక్క చూద్దాం. రెండువందల మీటర్ల ఓడ అలల మీద రెండే రెండు డిగ్రీలు ముందుకూ వెనుకకూ ఊగిందనుకొందాం. నడిమి నుంచి వంద మీటర్ల దూరాన, అంటే కొనన ఉన్న గది, ఈ ఊపు వలన దాదాపు మూడున్నర మీటర్లు పైకి పోతుంది, అంతే క్రిందికి దిగుతుంది. ఒక అంతస్తు ఇల్లు లేచి దిగినంత పని. నడిమి నుంచి ఇరవై మీటర్ల దూరాన ఉన్న గదికి ఆ కదలిక డెబ్బై సెంటీమీటర్లకే పరిమితమవుతుంది. ఓడ ఒకటే, అల ఒకటే. అనుభవం మాత్రం అయిదింతలు వేరు.

రెండవ కదలిక ప్రక్కలకు పొర్లడం. ఇది ఎత్తును బట్టి పెరుగుతుంది. ఓడ అయిదు డిగ్రీలు ప్రక్కకు ఒరిగితే, పొర్లే ఇరుసుకు ఇరవై అయిదు మీటర్ల ఎత్తున ఉన్న గది రెండు మీటర్లకు పైగా ప్రక్కకు జరుగుతుంది. అయిదు మీటర్ల ఎత్తున ఉన్న గది అర మీటరు కూడా జరగదు. తాటిచెట్టు మొదలుకూ మొవ్వుకూ గాలిలో ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. మూడవది, ఓడ మొత్తంగా అలతోపాటు లేచి దిగడం. దీని నుంచి మాత్రం ఏ గదికీ మినహాయింపు లేదు. కనుక నడిమి గదిలో కదలిక తగ్గుతుందే కాని మాయమవదు. ఎవరైనా మాయమవుతుందని చెప్పి గది అమ్మజూపితే నమ్మనవసరం లేదు.

అమరం మీది దొరగారి గది

1611లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ మన నిజాంపట్నానికి వచ్చింది. ఐరోపావారు ఆనాడు పెత్తపల్లి అని పిలిచిన రేవు అది. అక్కడి నుంచి మచిలీపట్నానికి పోయి వర్తకం మొదలుపెట్టారు. అది మొదలు రెండున్నర శతాబ్దాలు ఈ తీరానికి వచ్చిన ఐరోపా తెరచాప ఓడలన్నింటిలోనూ గదుల అమరిక దాదాపు ఒకే తీరుగా ఉండేది. కెప్టెనుకూ గొప్ప ప్రయాణికులకూ అమరం వైపు గదులు. కళాసీలకు అణియం వైపు చోటు. నడుమ భాగమంతా సరుకు, తెరచాప కొయ్యలు, పడవలు, వంటకు తెచ్చుకొన్న కోళ్ళూ మేకలూ.

అమరానికి ఆ గౌరవం ఎందుకు వచ్చింది? చుక్కాని అక్కడ ఉంటుంది కనుక ఓడను ఏలేవాడు అక్కడే ఉండాలి. గాలి వెనుక నుంచి తోస్తే తెరచాప ఓడ ముందుకు సాగుతుంది. అప్పుడు దుర్వాసనలన్నీ అణియం వైపు కొట్టుకొనిపోతాయి. అణియం మీద పడే ఉప్పునీటి తుంపర అక్కడికి రాదు. పైగా వెనుక గోడకు వరుసగా కిటికీలు పెట్టవచ్చు. వెలుతురూ గాలీ దండిగా వస్తాయి. ఈ కారణాలన్నీ సమంజసమైనవే. ఇండియాకు వచ్చే ఓడల్లో అందుకే ఆ గదులకు అందరికంటే ఎక్కువ ధర పలికేది. కాని తక్కెడ లెక్క ప్రకారం అది తట్ట వ్రేలాడే చోటు. అంటే ఎక్కువ సొమ్ము చెల్లించినవారు గాలినీ వెలుగునూ గౌరవాన్నీ కొనుక్కొని, వాటితోపాటు కదలికను కూడా కొనుక్కొన్నారు.

దీనికి జగమెరిగిన ఉదాహరణ చార్లెస్ డార్విన్. 1831 డిసెంబరు 27న బయలుదేరిన ‘బీగిల్’ ఓడ పొడవు ఇరవై ఏడు మీటర్ల పైచిలుకు మాత్రమే. డార్విన్‌కు దక్కినది అమరం మీద ఎత్తుగా కట్టిన గది. పటాలు గీసే పెద్ద బల్ల పైన ఊయల మంచం కట్టుకొని పడుకొనేవాడు. చిన్న ఓడ, వెనుక కొన, పై అంతస్తు: వికారానికి ఇంతకంటే అనుకూలమైన చోటు వెదికినా దొరకదు. దాదాపు అయిదేళ్ళ ఆ యాత్రలో సముద్రపు వికారం అతణ్ణి ఎన్నడూ పూర్తిగా విడిచిపెట్టలేదు. వీలైనప్పుడల్లా తీరం మీదే ఎక్కువ కాలం గడపడానికి అదీ ఒక కారణం. నౌకాయుద్ధాల్లో పేరుమోసిన నెల్సన్‌కు సైతం గాలి గట్టిగా వీస్తే వికారం తప్పేది కాదు. ఈ బాధకు ధైర్యంతోనూ, పదవితోనూ సంబంధం లేదు.

కూలీ ఓడలో చాప వేసే చోటు

దొరల గదుల సంగతి అలా ఉండగా, 19వ శతాబ్దంలో మన తీరం నుంచి వేలాది తెలుగువారు ఓడ ఎక్కారు. వారికి గది అన్న మాటే లేదు. కోరంగి రేవు పేరు మీదుగా మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువారిని ‘కొరంగీలు’ అని పిలిచారు. 1860 అక్టోబరు 12న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ ఒప్పంద కూలీలతో బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో వచ్చిన 342 మందిలో తమిళులతోపాటు తెలుగువారు ఉన్నారు. నాతాల్ చెరకు తోటల తెలుగు కుటుంబాల చరిత్ర అక్కడ మొదలవుతుంది.

ఇలాంటి ఓడల్లో పై డెక్కుకూ సరుకు కొట్టుకూ నడుమ ఉన్న చీకటి అంతస్తులో కూలీలను పడుకోబెట్టేవారు. ఒక మనిషికి లెక్క సుమారు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఆ అంతస్తులో ఎవరు ఎక్కడ ఉండాలన్నదానికి ఒక పద్ధతి ఉండేది. ఒంటరి మగవారు అణియం వైపు, ఒంటరి ఆడవారు అమరం వైపు, భార్యాభర్తలూ పిల్లలూ నడుమ. ఆడవారికీ మగవారికీ మధ్య కుటుంబాలను అడ్డుగా నిలపడమే దీని ఉద్దేశం. అంటే నీతి కోసం గీసిన గీత అది. వైద్యం కోసం గీసినది కాదు. అయినా దాని ఫలితం వైద్యుని కంటికి వెంటనే కనిపిస్తుంది: పసిపిల్లల తల్లులకు, వారు అడగకుండానే, ఓడలోకెల్లా కుదురైన చోటు దక్కింది. ఒంటరిగా బయలుదేరిన స్త్రీకి, ఒంటరిగా బయలుదేరిన కుర్రవానికి తట్టల చోటు దక్కింది.

మొదటి కొన్ని రోజులే అందరికీ గడ్డుగా గడిచేవి. సముద్రం ఎరుగని మెట్ట పల్లెల నుంచి వచ్చినవారు ఒకరి వాంతి చూసి ఒకరు వాంతి చేసుకొంటూ, లేవలేక పడి ఉండేవారు. వంటవారు కూడా పడకేస్తే, లేదా అలల ధాటికి పొయ్యి వెలిగించడం వీలుకాకపోతే పంచిపెట్టడానికి అటుకులూ బిస్కెట్లూ చక్కెరా వంటి ఎండు తిండి ఓడలో ఉంచేవారు. ప్రతి ఓడకూ ఒక వైద్యాధికారి ఉండేవాడు. ప్రాణంతో తీరం చేర్చిన ఒక్కొక్క మనిషికి ఇంత అని అతనికి సొమ్ము ముట్టేది. కలరా, విరేచనాలు, పొంగు వంటి రోగాలే అసలు హంతకులు. కాని నాలుగు రోజులు ఏదీ ఇమడక నీరసించిన శరీరం మీద ఆ రోగాలు పడితే ఏమవుతుందో ఏ వైద్యుడైనా ఊహించగలడు. వికారం స్వయంగా చంపకపోవచ్చు. చంపే రోగానికి తలుపు తీసిపెడుతుంది.

ఆవిరి ఓడలు వచ్చాక ప్రయాణకాలం తగ్గింది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నేవిగేషన్ కంపెనీ ఓడలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం వంటి రేవుల నుంచి తెలుగు కూలీలను రంగూనుకు చేరవేసేవి. 1933 వరకూ విశాఖలో లోతైన నౌకాశ్రయం లేదు. ఓడ దూరాన లంగరు వేసి ఉంటే, చిన్న పడవలో అలలు దాటి వెళ్ళి ఎక్కవలసి వచ్చేది. కనుక వికారం ఓడ ఎక్కకముందే మొదలయ్యేది. చౌక టికెట్టువారు డెక్కు మీదనో, దాని క్రింది అంతస్తులోనో తమ చాప తామే పరచుకోవాలి. చోటుకు అంకె లేదు, హక్కు లేదు. అక్కడ నడిమి చోటు దొరకడం అదృష్టమే.

నడుముకు వచ్చిన మొదటి తరగతి

ధనికులు అమరం విడిచి నడుముకు రావడానికి కారణం దయ కాదు, యంత్రం. ఆవిరి ఓడకు వెనుక భాగాన మరచక్రం తిరుగుతుంది. దాని అదురు గోడలను, మంచాలను, పళ్ళేలను వణికించేది. గాలిని బట్టి సాగే ఓడ కాదు కనుక వాసనలు ముందుకే పోతాయన్న పాత లెక్కా చెల్లలేదు. 1871లో వైట్ స్టార్ కంపెనీ తన ‘ఓషియానిక్’ ఓడలో మొదటి తరగతి గదులనూ భోజనశాలనూ నడిమికి తెచ్చింది. అట్లాంటిక్ ఓడల్లో అది కొత్త పుంత. మిగిలిన కంపెనీలూ దానిని అనుసరించాయి. 1912లో మునిగిన ‘టైటానిక్’ అమరిక ఈ మార్పుకు పరాకాష్ఠ: నడుమ మొదటి తరగతి, రెండు కొనలకూ మూడవ తరగతి, అందులోనూ ఒంటరి మగవారు ముందు, ఒంటరి స్త్రీలూ కుటుంబాలూ వెనుక. తక్కెడ దండె నడిమి భాగం అలా ధనికుల సొత్తయింది.

మన దేశానికి వచ్చే ఓడల్లో మాత్రం గది ఎంపికకు కదలిక కంటే ఎండే పెద్ద లెక్క. చల్లబరచే యంత్రాలు లేని రోజులవి. ఎర్ర సముద్రంలో మండే ఎండకు, ఇంగ్లండు నుంచి వచ్చేటప్పుడు ఎడమవైపు గది, పోయేటప్పుడు కుడివైపు గది కొంత నీడగా ఉండేవి. ఆంగ్లంలో దర్జాను సూచించే ‘పాష్’ అన్న మాట ఈ గదుల టికెట్ల నుంచే పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి ఆధారం దొరకలేదు. అటువంటి ముద్ర గల టికెట్టు ఒక్కటీ బయటపడలేదు. ఎండ లెక్క నిజం, మాట పుట్టుక కథ కల్పితం.

గది మార్చే బదులు గదినే కదలకుండా కట్టవచ్చు కదా అని ఆలోచించినవాడు హెన్రీ బెస్సెమర్. ఉక్కు తయారీ పద్ధతితో పేరు పొందిన ఆయన 1868లో ఇంగ్లిష్ ఛానల్ దాటుతూ సముద్రపు వికారంతో అల్లాడిపోయాడు. ఓడ ఎంత పొర్లినా తాను నిటారుగా నిలిచే పెద్ద హాలును నడుమ వ్రేలాడదీసి, నీటి ఒత్తిడి యంత్రంతో సరిచేసే ఓడను కట్టించాడు. 1875 మే నెలలో ఆ ఓడ ఫ్రాన్సులోని కలే రేవు గట్టును ఢీకొని నవ్వులపాలయింది. ఆ ప్రయత్నం అక్కడితో ముగిసింది. ఆ దశాబ్దంలోనే విలియం ఫ్రౌడ్ ఓడ అడుగున ఇరువైపులా పొడవాటి రెక్క పట్టీలు అమర్చితే పొర్లడం తగ్గుతుందని ప్రయోగాలతో చూపాడు. ఇరవయ్యవ శతాబ్దంలో జపాను ఇంజనీరు మొటోరా, ఆ తరువాత బ్రిటన్‌లోని డెన్నీ-బ్రౌన్ సంస్థలు కదిలే రెక్కలను అభివృద్ధి చేశారు.

నేటి విహార నౌకల్లో ఈ రెక్కలు సాధారణం. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. రెక్కలు ప్రక్కలకు పొర్లడాన్ని బాగా తగ్గిస్తాయి. ముందుకూ వెనుకకూ ఊగడాన్ని పెద్దగా తగ్గించలేవు. అందువల్ల ఎంత ఆధునికమైన ఓడలోనైనా నడుమకూ కొనలకూ తేడా మిగిలే ఉంటుంది.

తప్పు కడుపుది కాదు, చెవిది

గ్రీకు భాషలో ఓడను ‘నౌస్’ అంటారు. వికారానికి ఆంగ్లంలో వాడే ‘నాసియా’ అన్న పదం దాని నుంచే పుట్టింది. పేరు అంత పాతదైనా కారణం చాలాకాలం తెలియలేదు. కడుపునూ, పిత్తాన్నీ, కాలేయాన్నీ నిందించారు. 1861లో ఫ్రెంచి వైద్యుడు మెనియేర్ తల తిరగడానికి లోపలి చెవితో సంబంధం ఉందని చూపాడు. 1881లో ఇర్విన్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో సముద్రపు వికారం గురించి వ్రాస్తూ, ఓడ ఒక్కటే కాదు, కదలిక ఏదైనా దీనిని కలిగిస్తుందని చెప్పి దానికి ‘చలన వ్యాధి’ అన్న అర్థంలో పేరు పెట్టాడు. మరుసటి ఏడాది విలియం జేమ్స్, పుట్టు చెవిటివారిలో చాలామందికి గిరగిర తిప్పినా తల తిరగదని వెల్లడించాడు. లోపలి చెవి పని చేయకపోతే ఈ బాధ పుట్టదన్న అవగాహన అలా బలపడింది. లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ మీద చేసిన కృషికి రాబర్ట్ బారానీ 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

నేడు మనకున్న వివరణ ఇది. గదిలో కూర్చున్నప్పుడు కన్ను ‘గోడలు కదలడం లేదు’ అంటుంది. చెవి ‘లేస్తున్నాము, దిగుతున్నాము’ అంటుంది. రెండు సాక్ష్యాలూ పొసగక మెదడు తికమకపడుతుంది. చెమట, ఆవులింత, నోట నీరూరడం, వికారం, వాంతి వరుసగా వస్తాయి. అన్ని కదలికలూ ఒకే రకంగా బాధించవు. అయిదారు సెకన్లకు ఒకసారి లేచి దిగే నిదానమైన కదలిక అందరికంటే ఎక్కువ బాధ పెడుతుందని 1970లలో జరిగిన ప్రయోగాలు తేల్చాయి. సముద్రపు అలల మీద ఓడ ఊగేది దాదాపు ఆ లయలోనే. కొన గదుల్లో పెరిగేది ఆ నిలువు కదలికే. నౌకా నిర్మాణ శాస్త్రమూ వైద్యమూ ఇక్కడ ఒకే మాట చెబుతున్నాయి.

గది ఎంచుకొనేవారికి

నేడు తెలుగువారికి సముద్రయానం మళ్ళీ అందుబాటులోకి వచ్చింది. విశాఖపట్నం నుంచి అండమాన్‌కు, అంటే 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు, ప్రయాణికుల ఓడ రెండు రోజులకు పైగా పడుతుంది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ విహార నౌక విశాఖ నుంచి బయలుదేరింది. మరుసటి ఏడాది అక్కడ విహార నౌకల టెర్మినల్ ప్రారంభమైంది. అమెరికాలో స్థిరపడిన పిల్లలు పేట నుంచి వచ్చిన తల్లిదండ్రులను అలాస్కాకో, కరీబియన్ దీవులకో ఓడలో తీసుకొనివెళ్ళడం ఇప్పుడు వింత కాదు. ప్రేమతో వారికి అన్నింటికంటే ఖరీదైన గది తీసుకొంటారు. అది తరచు పై అంతస్తులో, కొన్నిసార్లు అణియం కొనన ఉంటుంది. చరిత్ర ఒక చుట్టు తిరిగి మళ్ళీ అమరం మీది దొరగారి గది దగ్గరికే వచ్చింది: ఎక్కువ ధర, ఎక్కువ వెలుతురు, ఎక్కువ ఊపు.

గది తీసుకొనే ముందు ఓడ పటం అడగండి. పొడవున నడిమి మూడవ వంతులో, వీలైతే సరిగ్గా నడిమికి కాస్త వెనుకగా, నీటిమట్టానికి పైన దిగువ అంతస్తుల్లో ఉన్న గదిని ఎంచుకోండి. చాలా ఓడల్లో వైద్యశాలను దిగువ అంతస్తులోనే పెట్టడం గమనించదగినది. అణియం కొన, అమరం కొన, అన్నింటికంటే పై అంతస్తు మానండి. కొన గది, పై అంతస్తు రెండూ తప్పనప్పుడు, ఎత్తు కంటే కొననే ఎక్కువ తప్పించుకోవలసినదిగా భావించండి; ఎందుకంటే పొర్లడాన్ని రెక్కలు అదుపు చేస్తాయి. యంత్రాల గదికి ఆనుకొని ఉన్న గదిలో మోత ఉంటుంది. నిద్ర పలుచనివారు అది కూడా విచారించుకోవాలి. బంగాళాఖాతంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలుల అలలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల భయం. జనవరి నుంచి మార్చి వరకు సముద్రం సాధారణంగా శాంతంగా ఉంటుంది. నెల ఎంపిక కూడా గది ఎంపిక అంతటిదే.

కిటికీ లేని లోపలి గదికి ఒక లోపం ఉంది. కంటికి దిగంతం కనిపించదు. కనుక వికారం మొదలైనప్పుడు గదిలో పుస్తకమో ఫోనో పట్టుకొని కూర్చోకుండా, నడిమి భాగంలోని బయలు డెక్కుకు వెళ్ళి, నీరూ ఆకాశమూ కలిసే గీత వైపు చూడాలి. అంత శక్తి లేకపోతే కళ్ళు మూసుకొని వెల్లకిల పడుకోవాలి. తల కదపకూడదు. తేలికైన తిండి కొద్దికొద్దిగా తినాలి. ఖాళీ కడుపు మంచిది కాదు, నిండు కడుపూ మంచిది కాదు. అల్లం కొందరికి ఉపశమనం ఇస్తుంది. చాలామందికి రెండు మూడు రోజుల్లో శరీరం అలవాటు పడుతుంది.

రెండేళ్ళ లోపు పసివారికి ఈ బాధ అరుదు. బడి ఈడు పిల్లలకు, స్త్రీలకు, గర్భిణులకు, పార్శ్వపు నొప్పి ఉన్నవారికి ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ వికారం తగ్గుతుంది. కాని వచ్చినప్పుడు దాని పర్యవసానం పెరుగుతుంది. ఇన్సులిన్ లేదా చక్కెరను బాగా దించే మాత్రలు వాడేవారు ఆహారం ఇమడక వాంతులు చేసుకొంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. రక్తపోటుకు మూత్రం ఎక్కువ పోయించే మందులు వాడేవారిలో ఒంటి నీరు, లవణాలు త్వరగా తగ్గుతాయి. ఊగే నేల మీద రాత్రిపూట మరుగుదొడ్డికి లేచి పడిపోతే తుంటి ఎముక విరగవచ్చు. నడిమి గది వలన వీరికి కలిగే మేలు సుఖం మాత్రమే కాదు, రక్షణ కూడా.

మందుల విషయం. 1947లో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో దద్దుర్లకు ఇచ్చిన డైమెన్‌హైడ్రినేట్ ట్రాము ప్రయాణపు వికారాన్ని పోగొట్టిందని అనుకోకుండా బయటపడింది. తరువాత సైనికుల ఓడ మీద దానిని పరీక్షించారు. ఇప్పుడు మన దగ్గర సినారిజిన్, ప్రొమెథజిన్, మెక్లిజిన్ వంటివి కూడా వాడుకలో ఉన్నాయి. ఇవి వికారం మొదలు కాకముందే వేసుకొంటే పని చేస్తాయి. చాలావాటికి మగత ఉంటుంది. హయోసిన్ బలమైన మందు. మన పొలం గట్ల మీది ఉమ్మెత్తలో ఉన్న పదార్థాలలో అదీ ఒకటి. అంతమాత్రాన ఉమ్మెత్తను నోట పెట్టుకోరాదు, అది విషం. కొన్ని రకాల నీటికాసులు, ప్రోస్టేటు వాపు, మతిమరుపు ఉన్న పెద్దలకు హయోసిన్ వైద్యుని అనుమతి లేకుండా ఇవ్వరాదు. ప్రయాణానికి వారం ముందే మీ వైద్యునితో మాట్లాడి, రోజూ వేసుకొనే మందుల చీటీ వెంట ఉంచుకోండి.

నూట అరవై ఏళ్ళ క్రితం ట్రూరో ఎక్కిన మనిషి తన చోటును తాను కోరుకోలేకపోయాడు. నేటి ధరల పట్టికలో దిగువ అంతస్తు నడిమి గది తరచు చవకైన వాటిలో ఒకటి. ఆనాడు అడిగే హక్కు లేక అందని చోటును, ఈనాడు దర్జాకు తక్కువని మనమే వదులుకోవడం ఎందుకు? పెద్దల కోసం గది చూసేటప్పుడు కిటికీ ఎంత వెడల్పో అడిగే ముందు, అది ఓడ నడిమికి ఎంత దూరమో అడగండి.